దీపం లేని ఇళ్లు

కాళిదాస మహాకవి రచించిన రఘువంశంలో, పదహారవ సర్గ ఆరంభంలోనే ఒక అర్ధరాత్రి దృశ్యం ఉంది. శ్రీరాముని నిర్యాణానంతరం అయోధ్య నిర్జనమైంది. ఆయన కుమారుడు కుశుడు కుశావతీ నగరంలో రాజ్యం చేస్తున్నాడు. గడియ వేసిన శయనాగారంలో, భర్త దూరదేశంలో ఉన్న ఇల్లాలి వేషంతో ఒక స్త్రీ ఆయన ఎదుట సాక్షాత్కరిస్తుంది. ఆమె అయోధ్యాపుర అధిదేవత. తన రాజవీథులలో నక్కలు సంచరిస్తున్నాయనీ, జలక్రీడలకు నెలవైన దిగుడుబావులను అడవిదున్నలు కొమ్ములతో కుమ్ముతున్నాయనీ చెప్పి ఆమె దుఃఖిస్తుంది. కుశుడు ఆ మొర ఆలకించి, శిల్పులను పంపి, నగరాన్ని మళ్లీ నివాసయోగ్యం చేయిస్తాడు.

ఆ పురదేవతకు ఒక విషయం స్పష్టంగా తెలుసు. తన బాధ ఎవరితో చెప్పుకోవాలో ఆమె ఎరుగును. అయోధ్యకు కర్త ఎవరు, అతడు ఎక్కడ ఉన్నాడు అన్న సందేహం ఆమెకు లేదు. ఇరవై ఒకటవ శతాబ్ది తొలి దశకంలో అమెరికా నగరాలకు కరవైనది సరిగ్గా ఈ ఎరుకే. వీథుల నిండా ఇళ్లు ఖాళీ అయ్యాయి. వాటిని బాగుచేయవలసిన బాధ్యుడెవరో పురపాలక సంస్థలకు తెలియలేదు. ఆ బాధ్యుని పేరును తెలుసుకొనేందుకు అవి చేసిన ప్రయత్నమే ఖాళీ ఇళ్ల నమోదు విధానం.

ఇళ్లు ఖాళీ కావడానికి కారణాలు

అమెరికాలో సామాన్య కుటుంబాలు సాధారణంగా దీర్ఘకాలిక రుణం తీసుకొని ఇల్లు కొనుక్కుంటాయి. కొన్న ఇంటినే ఆ రుణానికి తనఖా పెడతాయి. వాయిదాలు చెల్లించలేని స్థితి ఏర్పడినప్పుడు రుణదాత ఆ ఇంటిని వేలం వేయించి బాకీ రాబట్టుకుంటాడు. ఈ ప్రక్రియను అక్కడ ‘ఫోర్‌క్లోజర్’ అంటారు. తెలుగులో తనఖా జప్తు అనవచ్చు. కొన్ని రాష్ట్రాలలో ఇది న్యాయస్థానం ద్వారా జరుగుతుంది. మరికొన్ని రాష్ట్రాలలో న్యాయస్థానంతో పని లేకుండానే ముగుస్తుంది.

2000 తరువాతి సంవత్సరాలలో, తిరిగి చెల్లించే స్తోమత అంతగా లేనివారికి కూడా రుణదాతలు ధారాళంగా అప్పులిచ్చారు. వీటికే ‘సబ్‌ప్రైమ్’ రుణాలని పేరు. వీటిలో అనేకం మొదటి రెండు మూడేళ్లు తక్కువ వడ్డీతో ఉండి, ఆ తరువాత భారంగా మారేవి. ఇళ్ల ధరలు పెరుగుతున్నంత కాలం ఈ లోపం బయటపడలేదు. 2006 తరువాత ధరలు పడిపోవడం మొదలైంది. 2008లో ఆర్థిక సంక్షోభం విరుచుకుపడింది. ఎందరో ఉద్యోగాలు కోల్పోయారు. 2010 ఒక్క సంవత్సరంలోనే ఆ దేశంలో 28 లక్షలకు పైగా ఇళ్లు జప్తు ప్రక్రియకు సంబంధించిన నోటీసులను అందుకున్నాయి.

ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ వంటి నగరాలకు ఈ విపత్తు గోరుచుట్టుపై రోకటిపోటు అయింది. ఉక్కు కర్మాగారాలతో వర్ధిల్లిన ఆ నగరంలో 1950 నాటికి తొమ్మిది లక్షలకు పైగా జనాభా ఉండేది. పరిశ్రమలు క్షీణించి, ప్రజలు శివార్లకూ, ఇతర రాష్ట్రాలకూ తరలిపోగా 2010 నాటికి ఆ సంఖ్య నాలుగు లక్షలకు లోపే మిగిలింది. ఒకప్పుడు చెక్, పోలిష్ వలస కార్మికులు నిర్మించుకున్న స్లావిక్ విలేజ్ అనే పేట 2007లో దేశంలోనే జప్తులు అత్యధికంగా జరిగిన ప్రాంతాలలో ఒకటిగా పేరుపడింది.

తెగులు వ్యాపించే తీరు

పాడుబడిన ఇళ్ల వల్ల పేటకు కలిగే దుస్థితిని ఆంగ్లంలో ‘బ్లైట్’ అంటారు. ఆ మాటకు అసలు అర్థం మొక్కలకు సోకే తెగులు. ఈ పోలిక ఎంతో ఉచితంగా ఉంది. తెగులు ఒక ఆకుతో ఆగదు. పక్క ఆకుకూ, పక్క మొక్కకూ పాకుతుంది. ఇంటి విషయంలోనూ అంతే.

మనుషులు వెళ్లిపోయిన ఇంట్లో మొదట పచ్చిక పెరుగుతుంది. తపాలా పెట్టె నిండిపోతుంది. ఈ రెండూ దొంగలకు ఆహ్వాన పత్రికల వంటివి. వారు లోపల ప్రవేశించి గోడలు పగలగొట్టి రాగి గొట్టాలనూ, విద్యుత్తు తీగలనూ పెరికి అమ్ముకుంటారు. శీతల ప్రాంతాలలో వేడి లేని ఇంట్లో గొట్టాలలోని నీరు గడ్డకట్టి వాటిని పగులగొడుతుంది. వసంతంలో మంచు కరిగినప్పుడు ఆ నీరు నేలమాళిగను ముంచెత్తుతుంది. కాలిఫోర్నియా వంటి వెచ్చని రాష్ట్రాలలో సమస్య మరొక రూపంలో వచ్చింది. ఖాళీ ఇళ్ల పెరళ్లలోని ఈతకొలనులలో నీరు పాచిపట్టి దోమలకు నిలయమైంది. వెస్ట్‌నైల్ జ్వరం వ్యాపిస్తుందన్న భయంతో స్థానిక సంస్థలు ఆ కొలనులలో దోమ పిల్లలను తినే చేపలను వదలవలసి వచ్చింది.

ఇక అసలు నష్టం పొరుగింటివారిది. ఇరవై ఏళ్లుగా ఒక్క వాయిదా కూడా తప్పకుండా చెల్లించిన వృద్ధ దంపతులు ఒక వీథిలో ఉన్నారనుకుందాం. వారి ఇంటికి అటూ ఇటూ ఉన్న ఇళ్లు పాడుబడితే వారు చేసిన తప్పేమీ లేకుండానే వారి ఇంటి విలువ పడిపోతుంది. బీమా భారమవుతుంది. ఖాళీ ఇంట్లో ఎవరో రాజేసిన చలిమంట తమ కొయ్య ఇంటికి అంటుకుంటుందేమోనన్న బెంగతో వారికి రాత్రులు నిద్ర ఉండదు. అమ్ముకొని వెళ్లిపోదామంటే కొనేవాడు ఉండడు. చివరకు వారూ తలుపు వేసి వెళ్లిపోతే ఆ వీథిలో మరొక దీపం ఆరిపోతుంది.

పురపాలక సంస్థకు కూడా ఇది రెండువైపుల దెబ్బ. ఒకవైపు ఇంటిపన్ను రాబడి తగ్గుతుంది. మరొకవైపు పచ్చిక కోయించడానికీ, కిటికీలకు పలకలు కొట్టించడానికీ, మంటలు ఆర్పడానికీ, చివరకు శిథిలాన్ని కూల్పించడానికీ ఖర్చు పెరుగుతుంది.

జేమ్స్ క్యూ. విల్సన్, జార్జ్ కెల్లింగ్ అనే ఇద్దరు పండితులు 1982లో ప్రకటించిన ఒక వ్యాసం ఈ చర్చలో తరచుగా ప్రస్తావనకు వస్తుంది. పగిలిన ఒక కిటికీని బాగుచేయకుండా వదిలేస్తే, ఇక్కడ పట్టించుకునేవారు లేరన్న సందేశం అందరికీ అందుతుందనీ, త్వరలోనే మిగిలిన కిటికీలు కూడా పగులుతాయనీ వారు వాదించారు. ఆ వాదాన్ని ఆధారం చేసుకొని పోలీసులు అనుసరించిన కఠిన పద్ధతులు తరువాత తీవ్ర విమర్శకు గురయ్యాయి. కాని ఇంటి కిటికీల వరకు ఆ పరిశీలనలో సత్యం ఉందని ఫిలడెల్ఫియా అనుభవం సూచించింది. జనం నివసించే వీథులలోని ఖాళీ ఇళ్లకు పలకలు కొట్టి వదిలేయకుండా, నిజమైన తలుపులూ కిటికీలూ అమర్చాలన్న నిబంధనను ఆ నగరం 2011 నుండి అమలు చేసింది. ఆ నిబంధనను పాటించిన ఇళ్ల పరిసరాలలో దాడులు తగ్గాయని 2015లో వెలువడిన ఒక అధ్యయనం పేర్కొంది.

బాధ్యుడెవరు?

పచ్చిక కోయమని నోటీసు పంపడం పురపాలక ఉద్యోగికి కష్టమైన పని కాదు. దానిని ఎవరికి పంపాలన్నదే చిక్కు. దస్తావేజులలో ఉన్నది ఇల్లు వదిలిపోయిన కుటుంబం పేరు. ఆ కుటుంబం చిరునామాగా నమోదైనది కూడా ఆ ఖాళీ ఇల్లే. కాబట్టి నోటీసు నిండిపోయిన అదే తపాలా పెట్టెలోకి చేరేది.

పోనీ రుణదాతను అడుగుదామంటే అక్కడ మరొక చిక్కుముడి. అప్పు ఇచ్చిన బ్యాంకు దానిని తనవద్దే ఉంచుకోదు. మరొక సంస్థకు అమ్మివేస్తుంది. ఆ సంస్థ వేలాది రుణాలను మూటగట్టి, వాటిపై వచ్చే రాబడిలో వాటాలను పెట్టుబడిదారులకు అమ్ముతుంది. రుణం పేరుకు ఒక ట్రస్టు అధీనంలో ఉంటుంది. వాయిదాలు వసూలు చేసేది ఇంకొక సంస్థ. 1990 దశకంలో రుణ సంస్థలు కలిసి నెలకొల్పుకున్న ఒక ఎలక్ట్రానిక్ వ్యవస్థ ఈ మార్పిడులను తన కంప్యూటర్లలో నమోదు చేసుకునేది. అందువల్ల స్థానిక దస్తావేజుల కార్యాలయంలో ప్రతి మార్పునూ నమోదు చేయించే అలవాటు సన్నగిల్లింది. అప్పు ఎవరి చేతిలో ఉన్నదీ ఊరిలోని దస్తావేజులు చెప్పలేని స్థితి ఏర్పడింది.

దీనికి తోడు జప్తు ప్రక్రియ నెలల తరబడి, కొన్నిచోట్ల ఏళ్ల తరబడి సాగుతుంది. మొదటి నోటీసు రాగానే ఇల్లు పోయిందనుకొని కుటుంబం వెళ్లిపోతుంది. ఇల్లు ఇంకా తనది కాలేదు కాబట్టి దాని బాగోగులు తన బాధ్యత కాదని రుణదాత అంటాడు. ఇంటి విలువ జప్తు ఖర్చులకైనా చాలదని తోచినప్పుడు కొందరు రుణదాతలు ప్రక్రియను మధ్యలోనే విడిచిపెట్టారు. ఆ సంగతి ఇంటివారికీ, నగరానికీ తప్పక తెలియజేయాలన్న నిబంధన అన్ని సందర్భాలలోనూ లేదని 2010లో అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం తన నివేదికలో వెల్లడించింది. తమ ఇల్లు పోయిందని నమ్మి వేరేచోట కాలం వెళ్లబుచ్చుతున్న కుటుంబాలకు, ఆ ఇల్లు ఇంకా తమ పేరనే ఉందన్న సంగతి ఏళ్లు గడిచాక పన్ను బకాయిల రూపంలో తెలిసిన సందర్భాలున్నాయి. ఇటువంటి ఇళ్లకు అక్కడివారు ‘జాంబీ’ ఇళ్లని పేరుపెట్టారు. చచ్చీ చావక, బ్రతికీ బ్రతకక తిరిగే ప్రేతం అని ఆ మాటకు అర్థం.

నమోదు విధానం

ఈ చిక్కుముడిని విప్పడానికి స్థానిక సంస్థలు ఎంచుకున్న మార్గం మౌలికంగా చాలా సరళమైనది. ఇల్లు ఖాళీగా ఉంటే ఆ సంగతిని బాధ్యుడే స్వయంగా వచ్చి నగర కార్యాలయంలో నమోదు చేయాలి. వెతకవలసిన భారం నగరం మీద నుండి బాధ్యుని మీదకు మారుతుంది.

ఈ నిబంధనలు ప్రధానంగా రెండు విధాలు. మొదటి విధంలో ఇల్లు ఎంతకాలంగా ఖాళీగా ఉన్నదన్నదే ప్రమాణం. డెలావేర్ రాష్ట్రంలోని విల్మింగ్టన్ నగరం 2003లో చేసిన శాసనం దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. అక్కడ ఒక సంవత్సరం ఖాళీగా ఉన్న ఇంటికి 500 డాలర్ల రుసుము విధించారు. కాలం గడిచేకొద్దీ అది పెరుగుతూ, పదేళ్లు ఖాళీగా ఉన్న ఇంటికి 5,000 డాలర్లకు చేరేది. ఆపైన ప్రతి ఏటికీ మరొక 500 డాలర్లు కలిసేది. ఇంటిని ఊరకే ఉంచడం కంటే బాగుచేయడమో, అమ్మివేయడమో లాభమని యజమానికి తోచేటట్లు చేయడం దీని ఉద్దేశం.

రెండవ విధంలో జప్తు ప్రక్రియ మొదలుకావడమే ప్రమాణం. కాలిఫోర్నియా దక్షిణ భాగంలో, మెక్సికో సరిహద్దుకు సమీపంలో ఉన్న చూలా విస్టా నగరం 2007లో ఈ పద్ధతికి బాట వేసింది. రుణగ్రహీత వాయిదాలు తప్పినప్పుడు రుణదాత ఆ ఇంటిని తనిఖీ చేయించాలి. అది ఖాళీగా ఉన్నట్లు తేలితే నగరం వద్ద నమోదు చేయాలి. స్థానికంగా ఉన్న ఒక నిర్వహణ సంస్థను నియమించి వారం వారం ఇంటిని పరీక్షింపజేయాలి. పచ్చిక కోయించాలి, కొలను నీటిని శుభ్రంగా ఉంచాలి, తలుపులు భద్రపరచాలి. అన్నింటినీ మించి, ఇరవైనాలుగు గంటలూ పలికే ఫోను నెంబరుతో ఆ నిర్వహణ సంస్థ పేరును ఇంటిమీద ప్రదర్శించాలి. ఎవరికి చెప్పుకోవాలో తెలియక తికమకపడిన పొరుగువారికి ఆ చిన్న పలక మొదటిసారిగా జవాబు చెప్పింది.

ఈ విధానంలోని కీలకం యాజమాన్యపు నిర్వచనాన్ని విస్తరించడంలో ఉంది. హక్కు ఎవరిదన్న తగవు తేలేదాకా ఆగకుండా, ఆ ఇంటిపై ఆర్థిక ప్రయోజనం ఉన్న రుణదాతపై సంరక్షణ బాధ్యతను పెట్టారు. 2008లో కాలిఫోర్నియా రాష్ట్రమే ఒక చట్టం చేసి, జప్తు ద్వారా పొందిన ఖాళీ ఇంటిని నిర్లక్ష్యం చేసే యజమానికి రోజుకు 1,000 డాలర్ల వరకు జరిమానా విధించే అధికారాన్ని స్థానిక సంస్థలకు ఇచ్చింది. 2000 నాటికి దేశం మొత్తం మీద ఇటువంటి నమోదు శాసనాలు ఇరవైకి లోపే ఉండగా, 2012 నాటికి వాటి సంఖ్య ఐదు వందలు దాటింది.

న్యాయస్థానాలలో పరీక్ష

కొత్త బాధ్యత మోపినప్పుడు దానిని ప్రశ్నించేవారు ఉండడం సహజం. విల్మింగ్టన్ నగరం వసూలు చేస్తున్నది రుసుము కాదనీ, రుసుము పేరుతో వేసిన పన్ను అనీ కొందరు వ్యాజ్యం వేశారు. ఖాళీ ఇళ్లను పర్యవేక్షించేందుకు ఉద్దేశించినది కాబట్టి అది రుసుమేనని డెలావేర్ న్యాయస్థానాలు తీర్పు చెప్పాయి. 2005లో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం దానిని ఖాయం చేసింది.

అన్ని నగరాలకూ ఈ విజయం దక్కలేదు. షికాగో నగరం 2011లో ఖాళీ ఇళ్ల సంరక్షణ బాధ్యతను, ఇల్లు ఇంకా చేతికి రాని రుణదాతలకు కూడా వర్తింపజేసింది. ఫానీ మే, ఫ్రెడ్డీ మాక్ అనే రెండు మహాసంస్థలు 2008 నుండి కేంద్రప్రభుత్వ సంరక్షణలో ఉన్నాయి. వాటిని పర్యవేక్షించే కేంద్ర సంస్థ షికాగో నగరంపై వ్యాజ్యం వేసింది. వాటిపై నగరానికి అటువంటి అధికారం లేదని 2013లో సమాఖ్య న్యాయస్థానం తేల్చింది. మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ నగరం జప్తు మొదలైన ప్రతి ఖాళీ ఇంటికీ రుణదాత 10,000 డాలర్ల పూచీ చూపాలని శాసించింది. రాష్ట్ర చట్టాలు అప్పటికే నిర్దేశించిన విషయంలో నగరం వేరే నిబంధనలు చేయజాలదని 2014లో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ఆ శాసనాన్ని కొట్టివేసింది.

ఈ తీర్పులు ఒక సత్యాన్ని స్పష్టం చేశాయి. తెగులు కనిపించేది నగర వీథిలో. కాని దాని మూలాలు రాష్ట్ర చట్టాలలో, దేశవ్యాప్తమైన రుణ వ్యవస్థలో ఉన్నాయి. ఈ అనుభవాన్ని గ్రహించిన న్యూయార్క్ రాష్ట్రం 2016లో తానే చట్టం చేసింది. రుణగ్రహీతలు విడిచిపెట్టిన ఇళ్లను రుణదాతలు రాష్ట్ర ఆర్థిక సేవల శాఖ వద్ద నమోదు చేసి, బాగుగా నిర్వహించాలి. ఆ నిర్వహణ బాధ్యతను విస్మరిస్తే ఇంటికి రోజుకు 500 డాలర్ల వరకు జరిమానా చెల్లించాలి.

నమోదు తరువాత

పేరు తెలిసినంత మాత్రాన పచ్చిక తనంతట తాను తెగదు. నమోదు పుస్తకం వెనుక తనిఖీ చేసే ఉద్యోగి, నోటీసు పంపే కార్యాలయం, విచారణ జరిపే న్యాయస్థానం ఉన్నప్పుడే ఈ విధానం ఫలిస్తుంది. తనిఖీ సిబ్బందిని నియమించకుండా రుసుము వసూలుతోనే సరిపెట్టుకునే నగరానికి నమోదు మరొక ఆదాయమార్గంగా మిగిలిపోతుంది; వీథిలో మాత్రం మార్పు రాదు.

న్యాయదృష్టి కూడా అవసరం. ఖాళీ ఇంటి యజమానులందరూ ధనవంతులైన సంస్థలు కారు. తల్లి మరణించగా వారసత్వ వ్యవహారం తేలక ఇల్లు మూసిన కుమార్తె ఉండవచ్చు. దూరప్రాంతంలో సైనిక సేవ చేస్తున్న యువకుడు ఉండవచ్చు. చికిత్స కోసం బంధువుల ఇంట ఉంటున్న వృద్ధుడు ఉండవచ్చు. వీరందరిపైనా ఒకే రుసుము విధిస్తే తెగులు కోసం తెచ్చిన మందు పంటనే కాల్చివేస్తుంది. అందుకే పలు శాసనాలు మరమ్మతు జరుగుతున్న ఇళ్లకూ, అమ్మకానికి పెట్టిన ఇళ్లకూ మినహాయింపులు ఇచ్చాయి. రుణదాత చెల్లించిన సంరక్షణ వ్యయం చాలా సందర్భాలలో రుణగ్రహీత బాకీకే కలుస్తుందన్న విషయాన్ని కూడా విస్మరించరాదు. అప్పటికే ఇల్లు కోల్పోతున్నవాని నెత్తిన ఆ ఖర్చు కూడా పడుతుంది.

ఇక బాధ్యుడు దొరికినా బాగుచేయడానికి వీలుకాని ఇళ్లు కొన్ని ఉంటాయి. వాటికోసం ‘ల్యాండ్ బ్యాంకు’ అనే ప్రజాసంస్థలు ఏర్పడ్డాయి. క్లీవ్‌లాండ్ ఉన్న కయహోగా కౌంటీలో ఇటువంటి సంస్థ 2009లో పని ప్రారంభించింది. పన్ను బకాయిలపై వచ్చే వడ్డీ, జరిమానాలు దానికి ప్రధానమైన ఆదాయం. పాడుబడిన ఇళ్లను అది తన అధీనంలోకి తీసుకొని, నిలబెట్టదగిన వాటిని బాగుచేయించి నివాసానికి ఇస్తుంది. తక్కిన వాటిని కూల్పించి స్థలాన్ని పొరుగువారికో, తోటలకో అప్పగిస్తుంది. ఖాళీ స్థలాన్ని శుభ్రం చేసి పచ్చిక, చెట్లు నాటడం వంటి చిన్న పని కూడా గొప్ప ఫలితం ఇస్తుందని ఫిలడెల్ఫియాలో 541 స్థలాలపై జరిపి 2018లో ప్రకటించిన పరిశోధన నిరూపించింది. పేదరికం అధికంగా ఉన్న పేటలలో ఆ స్థలాల పరిసరాలలో తుపాకీ హింస 29 శాతం తగ్గింది.

ఈ విధానాలన్నింటి సారం ఒక్కటే. ఇల్లు ఖాళీ కావడం వల్లనే పేట పాడుబడదు. వలస, వ్యాధి, మరణం, అప్పు ఉన్నంతకాలం ఇళ్లు ఖాళీ అవుతూనే ఉంటాయి. ఇది నాది, దీనికి జవాబు చెప్పవలసినవాడిని నేను అని పలికేవారు లేనప్పుడే తెగులు మొదలవుతుంది. సొంత ఇంటిపై హక్కు ఎంత ముఖ్యమో, ఆ ఇంటివల్ల పొరుగువారికి కీడు కలగకుండా చూసే బాధ్యత కూడా అంతే ముఖ్యం. ఈ రెండింటినీ ఒక పేరు కింద చేర్చి రాయడమే నమోదు పుస్తకం చేసే పని.

అయోధ్యాధిదేవత అర్ధరాత్రి వేళ మూసిన తలుపులు దాటి కుశుని చేరుకోగలిగింది. వాయిదాలు తప్పకుండా కట్టుకుంటూ, పాడుబడిన ఇంటి పక్కన భయంతో బ్రతుకుతున్న సామాన్యునికి అటువంటి దివ్యశక్తి లేదు. అతనికి కావలసినది పక్కింటి తలుపుమీద ఒక పేరు, పిలిస్తే పలికే ఒక ఫోను నెంబరు, ఆ మొర వినడానికి సిద్ధంగా ఉన్న ఒక కార్యాలయం. వాటిని సమకూర్చడం స్థానిక ప్రభుత్వపు కర్తవ్యం.